పెద్ద బండి కొనేవాళ్ళకి ఊరంతా ఇచ్చే తప్పుడు సలహాలు

సొంత బండి కొంటున్నానని ఒక్కరి చెవిన వేస్తే చాలు, సలహాలు ఇంటికి నడిచొస్తాయి. స్టాండులో తోటి డ్రైవర్లు, షోరూంలో సేల్స్ కుర్రాడు, ఫైనాన్స్ ఏజెంటు, పెళ్ళిలో కలిసిన మేనమామ, ఎవరూ చెడగొట్టాలని చెప్పరు. కాని వాళ్ళు చెప్పినట్టే చేసి, బండి పోగొట్టుకుని, మళ్ళీ జీతానికి స్టీరింగ్ పట్టినవాళ్ళు మనందరికీ తెలుసు. బొలెరో పికప్, దోస్త్, ఇంట్రా మొదలు డీసీఎం వరకు, సరుకు బండి మీద సొంతంగా బతుకుదామనుకునేవాళ్ళకి రోజూ వినిపించే తప్పుడు సలహాలు ఇక్కడ పెడుతున్నాను. వీటిలో కొన్ని మీ చెవినా పడే ఉంటాయి.

“కొనేదేదో పెద్దదే కొనెయ్ తమ్ముడూ. రేపు లోడు పెరిగితే మళ్ళీ మార్చాలా?”

అన్నిటికంటే తియ్యగా వినిపించే సలహా ఇదే. రేపటి లోడు వస్తుందో రాదో గాని, కంతు మాత్రం వచ్చే నెల ఐదో తారీఖున వచ్చి తీరుతుంది. బండి సైజు తేల్చాల్సింది మీరు ఇప్పటికే తోలుతున్న సరుకు. గత మూణ్ణెల్లలో ఏం వేశారు, ఎంత బరువు, ఎంత దూరం, తిరుగు లోడు ఎన్నిసార్లు దొరికింది, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఖాళీగా తిరిగొచ్చినప్పుడు పెద్ద బండి తాగే డీజిల్ పెద్దగానే ఉంటుంది, దానికి ఎవరూ కిరాయి ఇవ్వరు.

గుంటూరు మిర్చి యార్డు సంగతి చూడండి. ఒక టిక్కీ, అంటే మిర్చి బస్తా, సుమారు 40 కిలోలు. 1.7 టన్నుల పికప్‌కి లెక్క ప్రకారం 42 టిక్కీలు. 42 సర్దాక కూడా తొట్టి మీద బోలెడు జాగా కనబడుతుంది. “ఇంకో వరస పట్టుద్దిలే అన్నా” అంటారు హమాలీలు. గుమాస్తా తొందరపెడతాడు. చూస్తుండగానే 60 ఎక్కుతాయి. అంటే 2,400 కిలోలు, బండి మోయాల్సినదానికి 700 కిలోలు ఎక్కువ. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకి 20,000 రూపాయల జరిమానా ఉంది, ఆ పైన అదనపు టన్నుకి 2,000. ఎక్కువైన సరుకు దింపేదాకా బండి కదలకూడదు. “అందుకేగా పెద్దది కొనమంది” అంటారు. ఏడాది పొడుగునా 60 టిక్కీలు దొరికితే తప్పకుండా కొనండి. కాని మిర్చి ఊపు ఎండాకాలంతో తగ్గిపోతుంది. ఊపున్న ఆ నాలుగు నెలల కోసం పన్నెండు నెలలూ పెద్ద బండిని మేపడం కంటే, సీజనులో రెండో ట్రిప్పు వేసుకోవడం, తోటివాడి బండిని పిలవడం నయం.

సైజు విషయంలో రెండు అంకెలు గుర్తుంచుకోండి. గ్రాస్ వెయిట్ 3,000 కిలోలు దాటని సరుకు బండికి చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలి. 2014 తర్వాత గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్ళడమంటే రాష్ట్రం దాటడమే కాబట్టి నేషనల్ పర్మిట్ ఖర్చూ లెక్కలోకి వస్తుంది. రెండోది 7,500 కిలోలు. మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతో అంతవరకు ట్రాన్స్‌పోర్టు బండి నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. అది దాటిన బండి కొంటే ముందు లైసెన్సు సంగతి చూసుకోవాలి.

“ఆటోనగర్‌లో ఇనుప బాడీ గట్టిగా కట్టించు, పదేళ్ళు చూసుకోనక్కర్లేదు” అనేది పెద్ద బండి సలహాకి తోకలాంటిది. విజయవాడ ఆటోనగర్‌లో పనివాళ్ళు మంచివాళ్ళే, బాడీ గట్టిగానే కడతారు. అయితే చుట్టూ బోను, పైన టాపు కలిపి 200 కిలోలు పెరిగితే ఆ 200 కిలోలూ మీ సరుకులోంచే పోతాయి. ఐదు టిక్కీల కిరాయి ప్రతి ట్రిప్పులోనూ పోయినట్టే. కొలతలు మార్చే ముందు రవాణా శాఖ ఆఫీసులో అనుమతి అడగండి. ఆర్‌సీలో లేని మార్పు ఫిట్‌నెస్ రోజున బయటపడుతుంది.

ఇక అసలు సంగతి, డబ్బు.

“వడ్డీ ముప్పావలాయే అన్నా. బయట రెండ్రూపాయలకి తెచ్చేకంటే ఎంత నయం!”

ఈ ఒక్క మాట నమ్మి నష్టపోయేవాళ్ళు చాలామంది, అందుకే లెక్క పూర్తిగా వేస్తాను. అప్పు ఎనిమిది లక్షలు, నాలుగేళ్ళు. ముప్పావలా వడ్డీ అంటే ఏడాదికి 9 శాతం, 72,000 రూపాయలు. నాలుగేళ్ళకి 2,88,000. అసలుతో కలిపి 10,88,000. దాన్ని 48 నెలలకి పంచితే నెలకి 22,667. ఏజెంటు కాల్‌క్యులేటర్‌లో చూపించేది ఇదే, కూడికలో తప్పేం లేదు. కాని మీరు మొదటి నెల నుంచే అసలు తీరుస్తూ వస్తున్నారు. ఆఖరి నెలకి మీ దగ్గర మిగిలే అసలు ఇరవై మూడు వేల లోపే. అయినా వడ్డీ మాత్రం చివరిదాకా ఎనిమిది లక్షల మీదే పడుతోంది. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. మిగిలిన అసలు మీదే వడ్డీ వేసే రెడ్యూసింగ్ పద్ధతిలో కొలిస్తే ఈ ముప్పావలా వడ్డీ ఏడాదికి 16 శాతం. అంటే నూటికి నెలకి రూపాయి ముప్పై మూడు పైసలు. నిజంగా 9 శాతానికే రెడ్యూసింగ్‌లో ఇస్తే కంతు 19,908 పడుతుంది. నెలకి 2,759 తేడా, నాలుగేళ్ళకి లక్షా ముప్పై రెండు వేల పైచిలుకు. అందుకని “వడ్డీ ఎంత?” అని అడిగి ఊరుకోకండి. ఫ్లాటా, రెడ్యూసింగా, ఖర్చులన్నీ కలిపి ఏడాదికి పడే రేటు, అంటే ఏపీఆర్, ఎంత అని అడగండి.

“కంతు తక్కువ పడేలా ఏడేళ్ళు పెట్టించు” అనేది ఆ ముప్పావలా సలహాకి తమ్ముడు. అదే ఎనిమిది లక్షలు 10 శాతం రెడ్యూసింగ్‌లో ఐదేళ్ళకైతే నెలకి సుమారు 17,000, వడ్డీ మొత్తం 2.2 లక్షలు. ఏడేళ్ళకైతే కంతు 13,281కి దిగుతుంది, వడ్డీ 3.16 లక్షలకి ఎక్కుతుంది. పైగా ఆరో ఏడు, ఏడో ఏడు బండికి క్లచ్, సస్పెన్షన్, ఇంజను పనులు తగులుతుంటాయి. రిపేరూ కంతూ ఒకే నెలలో మీద పడతాయి. నాలుగేళ్ళలో తీర్చలేని అప్పు చేయాల్సి వస్తోందంటే మీరు చూస్తున్న బండి మీ పనికి మించినదని అర్థం.

డౌన్‌పేమెంటు కోసం చిట్టీ పాడమనేవాళ్ళు చాలామంది. పాడిన చిట్టీ కూడా అప్పే. చిట్టీ వాయిదా ఒకవైపు, బండి కంతు ఇంకోవైపు కట్టాలి, రెండూ ఒకే బండి సంపాదన మీద. చిట్టీ పూర్తిగా కట్టి, ఆఖర్న వచ్చిన డబ్బుతో డౌన్‌పేమెంటు పెట్టినవాడి పరిస్థితి పూర్తిగా వేరు. ఏడాది ఆగగలిగితే ఆగండి, ఈలోపు కిరాయి బండి తోలండి. ముద్రా లోను ఇప్పిస్తానని కమీషన్ అడిగేవాణ్ణి దగ్గరికి రానివ్వకండి. ముద్రాకి ఏజెంట్లు లేరు. రవాణా బండికి ఆ పథకం కింద తరుణ్ వర్గంలో పది లక్షల దాకా, తాకట్టు లేకుండా, నేరుగా బ్యాంకులోనే అడగవచ్చు.

“షూరిటీ అంటే ఉత్త సంతకమే, మీ బావమరిదితో పెట్టించు.” ఈ మాట కుటుంబాలను విడదీసింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం షూరిటీదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. ముందు మిమ్మల్నే అడగాలన్న నియమం లేదు, నేరుగా ఆయన్నే పట్టుకోవచ్చు. ఆ సంగతి ఆయనకీ, ఆయన భార్యకీ ఎదురుగా కూర్చుని చెప్పిన తర్వాతే సంతకం అడగండి. అలాగే అంకె వేయని చెక్కులు ఇవ్వమంటే ఇవ్వకండి. చెక్కు తిరిగొస్తే అప్పు గొడవ కాస్తా క్రిమినల్ కేసవుతుంది. సంతకాలు పెట్టే రోజున కాగితాల కట్ట తెస్తారు, పెన్సిలుతో టిక్కు కొట్టిన చోటల్లా “ఇక్కడ, ఇక్కడ” అని వేలు చూపిస్తారు. ఖాళీలు నింపని కాగితం వస్తే అక్కడే ఆగండి. నింపించి, చదివి, ఫోనులో ఫోటో తీసుకుని అప్పుడు పెట్టండి.

పాత బండి కొనేవాళ్ళని ముంచేది మరొకటి: “ఫైనాన్స్ నడుస్తోందిగా, మిగతా కంతులు నువ్వు కట్టుకో, స్టాంపు పేపరు మీద రాసుకుందాం.” స్టాంపు పేపరుతో బండి మీ పేరుకి రాదు. ఆర్‌సీలో అప్పు నమోదై ఉన్నంతకాలం ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకోనిదే బదిలీ జరగదు. మీరు రెండేళ్ళు కంతులు కట్టినా కాగితాల్లో ఆ బండి అమ్మినవాడిదే. అతనికీ ముప్పే. ఆర్‌సీ ఎవరి పేరున ఉంటే ప్రమాద పరిహారానికి వాళ్ళే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అప్పు తీరితే ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని, ఫారం 29, 30లతో బదిలీ చేయించుకోండి. అప్పు తీరకపోతే ఇద్దరూ కలిసి ఫైనాన్స్ ఆఫీసుకే వెళ్ళి మాట్లాడండి. మూడో దారి లేదు.

ఇన్సూరెన్సు మొదటి ఏడాది షోరూం వాళ్ళు ఎలాగూ కట్టిస్తారు. ఆ తర్వాత థర్డ్ పార్టీతో సరిపెట్టమంటారు. అప్పు ఉన్న బండికి ఆ పని చేయకండి. బండి తుక్కయినా కంతులు ఆగవు.

“సొంత బండేగా, డ్రైవరు జీతం మిగిలినట్టే” అనే మాటకి నాకు నిజంగా బాధేస్తుంది. ఆ డ్రైవరు మీరే, మీ ఇంట్లో బియ్యం కొనాల్సింది ఆ జీతంతోనే. ఎంత దొరుకుతుందో లెక్క వేసేటప్పుడు బయట డ్రైవరుకిచ్చే జీతం మీ పేరున ముందు తీసి పక్కన పెట్టండి. ఆ తర్వాత డీజిల్, టైర్లు, సర్వీసు, ట్యాక్సు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్. పైన చెప్పిన 22,667 కంతుకి నెలలో 22 రోజులు పని దొరికితే రోజుకి 1,030 రూపాయలు, బండి స్టార్ట్ చేయకముందే. టెంట్ హౌస్, క్యాటరింగ్ సామాన్ల మీద ఆధారపడే బండికి ఆషాఢంలోనూ మూఢంలోనూ 22 రోజులు కూడా దొరకవు. ఆ నెలల కంతులు పెళ్ళిళ్ళ సీజనులోనే తీసి దాచుకోవాలి. కనీసం మూడు కంతుల డబ్బు బ్యాంకులో లేకుండా బండి ఇంటికి తేకండి.

చివరగా, అన్నిటికంటే చెడ్డ సలహా: “కంతు తప్పిందా? బండిని కొన్నాళ్ళు అత్తగారి ఊళ్ళో పెట్టెయ్.” దాచిన బండి సంపాదించదు, వడ్డీ ఆగదు, పట్టుబడ్డాక మాట వినేవాడు ఉండడు. బండి తీసుకెళ్ళి వేలం వేశాక తక్కువ పడిన డబ్బుకీ మీ వెంటే పడతారు. కంతు తప్పేలా ఉందని తెలియగానే, తప్పకముందే, బ్రాంచికి వెళ్ళి గడువు మార్చమని రాతపూర్వకంగా అడగండి. వసూలు పేరుతో రౌడీలను పంపడం తప్పని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలుకి ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది.

ఒక్క పని మాత్రం తప్పకుండా చేయండి. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీయైనా ఇలాంటి లోను ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలి. అందులో ఏపీఆర్, ప్రతి ఖర్చూ, కంతుల పట్టిక ఉండాలి, అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో లేని ఖర్చు మీ ఒప్పుకోలు లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాల గడువుంది కాబట్టి “ఇవాళే సంతకం పెట్టకపోతే ఆఫర్ పోతుంది” అంటే నమ్మకండి. తెలుగులో ఇమ్మని అడగండి, ఇంటికి తీసుకెళ్ళండి, ఇంట్లో లెక్క తెలిసినవాళ్ళ చేత చదివించండి. ఇవ్వనంటే అక్కడ లోను తీసుకోకండి.