నేను పళ్ళాసుపత్రి కుర్చీని

నేను పళ్ళాసుపత్రి కుర్చీని. దంత వైద్య కళాశాలలో, పిల్లలు పని నేర్చుకునే హాల్లో వరసగా బిగించిన కుర్చీల్లో ఒకదాన్ని. మీట నొక్కితే పైకి లేస్తాను, వెనక్కి వాలతాను. నా తలపైన దీపం, ఒక పక్క ఉమ్మే తొట్టి, ఇంకో పక్క పన్ను తొలవడానికి నిమిషానికి మూడు లక్షలకు పైగా చుట్లు తిరిగే ఎయిరోటర్. దాని కూత వినగానే జనానికి గుండె జారుతుంది.

వాళ్ళ భయం అందరికంటే ముందు తెలిసేది నాకే. నోరు తెరవకముందే కాళ్ళు బిగుసుకుంటాయి, అరచేతుల చెమట నా రెగ్జిన్‌కి అంటుతుంది. దాన్ని పిరికితనం అని కొట్టిపారేసేవాళ్ళంటే నాకు కోపం. ఆ భయానికి చాలాసార్లు కారణం ఉంటుంది.

మిషన్ కుట్టుకుని బతికే ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. దవడ వాచింది. మాట్లాడినంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. ఏళ్ళ తరబడి పిప్పి పన్నులో లవంగం దూర్చుకుంటూ, మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుంటూ నెట్టుకొచ్చింది. చిన్నప్పుడు ఊళ్ళో చదువూ సర్టిఫికెట్టూ లేని మనిషెవరో మత్తు పట్టకుండానే పన్ను పీకేశాడట. ఈమధ్య ఒక క్లినిక్‌కి వెళ్తే, రూట్ కెనాళ్ళకీ క్యాపులకీ చెప్పిన లెక్క విని ఇంటద్దె గుర్తొచ్చి లేచి వచ్చేసిందట.

"అన్నీ పీకేయండి డాక్టరమ్మా, పీడా పోతుంది" అంది.

"అన్నీ ఎందుకమ్మా? ఇవాళ ఏదీ పీకను. చీముంది, అది పోవాలి ముందు. నొప్పనిపిస్తే ఎడమ చెయ్యెత్తండి, ఆపేస్తాను" అంది హౌస్‌సర్జన్ అమ్మాయి.

ఆ అమ్మాయి తొందరపడకపోవడానికి కారణం ఉంది. 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నోకైన్ మత్తుమందే ఈనాటికీ మా సూదిలో ఉంటుంది. మంచి మందు. కానీ చీముపట్టి వాచిన చోట ఆమ్లం పెరుగుతుంది, ఆ ఆమ్లంలో మందు సరిగా పనిచేయదు. భయపడి ఆలస్యం చేస్తే చీము పడుతుంది, చీము పడితే మత్తు పట్టదు, మత్తు పట్టకపోతే నొప్పి, ఆ నొప్పితో భయం ఇంకా ముదురుతుంది. డబ్బు సంగతీ అంతే. పుచ్చు పైపైన ఉండగా వస్తే ఒక్క ఫిల్లింగ్‌తో సరిపోతుంది. నరం దాకా దిగితే రూట్ కెనాల్, ఆపైన క్యాప్. చేతిలో డబ్బు లేనివాళ్ళకే ఈ ఆలస్యం ఎక్కువ, ఖర్చూ వాళ్ళకే ఎక్కువ. ఇంత అన్యాయమైన జబ్బు ఇంకొకటి ఉందా అనిపిస్తుంది నాకు.

ఆ రోజు చీము తీసి, మందులు రాసి పంపారు. వాపు తగ్గాక మళ్ళీ వచ్చింది. సూది వేయగానే గుండె దడదడలాడిందని హడలిపోయింది. మత్తు ఎక్కువసేపు నిలవడానికి లిగ్నోకైన్‌లో అడ్రినలిన్ కలుపుతారనీ, కాసేపు దడ పుట్టించేది అదేననీ చెప్పాక ఊపిరి తీసుకుంది. పై పన్ను పీకితే చూపు పోతుందని మరో బెంగ. పంటి నరం వేరు, చూపు నరం వేరు అని పిల్లలకు పని నేర్పే సార్ వచ్చి ఓపిగ్గా చెప్పారు.

ఎయిరోటర్ తిరగగానే చెయ్యెత్తింది. అమ్మాయి వెంటనే ఆపింది. కాసేపటికి మళ్ళీ ఎత్తింది. నొప్పేమీ లేదు, నిజంగా ఆపుతుందో లేదో చూసుకుంది! మళ్ళీ ఆగింది. ఆ తర్వాత చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు, నా మీద ఆమె బరువు మెత్తబడింది. పెద్ద మందులేవీ చేయని పని ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడం చేసింది.

బాగుచేయలేని దవడ పళ్ళు తీసేశారు, ముందు పళ్ళు నిలబెట్టారు. తాత్కాలికంగా పెట్టిన సిమెంటులో ఉన్నది కూడా, ఆమె ఇన్నాళ్ళూ పన్నులో దూర్చుకున్న లవంగపు నూనెలోని యూజినాలే. నేర్చుకునే పిల్లలు కాబట్టి ప్రతి దశా సార్‌కి చూపించాలి, పని ఆలస్యంగా సాగుతుంది, పదేపదే రావాలి. కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్ళకి అది భారమే, కాదనను. అయితే బయటికంటే ఖర్చు చాలా తక్కువ, పక్కన అనుభవమున్న చెయ్యి ఎప్పుడూ ఉంటుంది.

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. ప్రైవేటు దంత కళాశాలల్లోనూ పిల్లల చదువుకి రోగులు కావాలి, ఫీజు బయటికంటే తక్కువ ఉంటుంది. దవడ వాపుతో జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళండి. మిగతా రోజుల్లో ఓపీ చీటీ రాయించుకుని లోపలికి రండి. నా మీద కూర్చోగానే, పన్ను సంగతి కంటే ముందు, "నాకు భయం" అని డాక్టరుతో చెప్పండి.