అర్ధ చుట్టు: ఒక ప్లగ్గు పద్యానికి టీకా తాత్పర్యం

చల్లబడిన వెనుక జాగ్రత్త తోడను
ఒక్క ప్లగ్గు విప్పి యొకటి పెట్టు
సందు కొలిచి చూచి చక్కగా చేతితో
ఆగు దాక తిప్పి యర్ధ చుట్టు

పద్యం ముందు పుట్టి వ్యాఖ్య తర్వాత రావడం లోకరీతి. పై ఆటవెలది మాత్రం వ్యాఖ్య రాయాలన్న దురద పుట్టాక, ఆ దురద తీరడానికే అల్లినది. కాబట్టి కవి ఎవరు, కాలమెప్పటిది అన్న చర్చ అనవసరం. విషయం, కారు స్పార్క్ ప్లగ్గుల్ని ఇంటి దగ్గరే మార్చుకోవడం. పరీక్షల తొందరలో ఉన్నవారికి తాత్పర్యం ముందే ఇచ్చేయవచ్చు: ఇంజను చల్లారాక ఒక్కో ప్లగ్గునే విప్పి, కొత్తదాని సందు కొలిచి, చేత్తో ఆగేదాకా తిప్పి, ఆపైన పానాతో అర చుట్టు బిగించాలి. ఇంతే. దీనికి మార్కులు వచ్చేస్తాయి. ప్లగ్గు మాత్రం మారదు. పనిలో కష్టమంతా పద్యం పలకకుండా వదిలేసిన చోట్లే ఉంది.

స్థలం టికియాపారా. కోల్‌కతాకు హుగ్లీ అవతలి ఒడ్డున, హౌరా నుంచి ఖరగ్‌పూర్ వైపు బయల్దేరిన లోకల్ ఆగే మొదటి స్టేషన్. లోకల్ రైళ్ల కార్ షెడ్డు ఇక్కడే ఉంది. ఆగ్నేయ రైల్వే దారి కాబట్టి తెలుగు మాట ఇక్కడ వింత కాదు. 2003 ఏప్రిల్‌లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్ ఈ జోన్‌లోదే. ఇదే దారిలో ముందుకెళితే వచ్చే ఖరగ్‌పూర్‌లోనైతే రైల్వే వర్క్‌షాపు పుణ్యమా అని తరాలుగా తెలుగువాళ్ల పేటలే ఉన్నాయి.

వ్యాఖ్యాతల్లో పెద్దవాడు మల్లినాథసూరి మన మెదక్ ప్రాంతపు కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన కాళిదాసు కావ్యానికి వ్యాఖ్య మొదలుపెడుతూనే మాట ఇచ్చాడు. ఈ టీకా అందులో మొదటి సగం పాటిస్తుంది. రెండో సగం కూడా పాటిస్తే టీకాయే మిగలదు.

ఇక శాస్త్రమర్యాద ప్రకారం ముందు అధికారి నిర్ణయం. ఈ విద్యకు అర్హుడు పెట్రోలు బండి, లేదా గ్యాసుతో నడిచే బండి ఉన్న గృహస్థు మాత్రమే. డీజిల్ యజమానికి అధికారం లేదు. డీజిల్ ఇంజనులో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది, నిప్పురవ్వతో పని లేదు. అందులో గ్లో ప్లగ్గు అని ఒకటి ఉంటుంది గానీ అది చలిలో ఇంజనును వెచ్చబెట్టడానికి. పేరుకే చుట్టం. ఈ లెక్కన కోల్‌కతా పసుపు టాక్సీల్లో డీజిల్‌వన్నీ పంక్తి బాహ్యాలు. హౌరా సందుల్లో తిరిగే టోటో రిక్షాలు బ్యాటరీవి, అవీ బయటే. కార్ షెడ్డులో బారులు తీరిన రైళ్ల సంగతి సరేసరి. ఇన్ని చక్రాలు తిరిగే పేటలో ఈ పద్యం వర్తించేది కొన్నిటికే.

అలాగని ఆ టాక్సీల రూపమైన అంబాసిడర్‌ను గంపగుత్తగా వెలివేయడం న్యాయం కాదు. టికియాపారా ఉన్న ఒడ్డునే, నదికి ఎగువన ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ 2014 మే దాకా దాన్ని తయారుచేసింది. దశాబ్దాల పాటు దాని గుండె 1,489 సీసీ పెట్రోలు ఇంజను, ఇంగ్లండు కార్ల కంపెనీ బీఎంసీ సంతతి. నాలుగు ప్లగ్గులూ పక్కనే వరసగా, బానెట్ ఎత్తితే చేతికందేలా ఉంటాయి. గృహస్థు కోసమే గీసినట్టుండే ఇంజను అది. ఇప్పటి కార్లలో ప్లగ్గులు లోతైన గొట్టాల అడుగున, ఒక్కోదాని నెత్తిన ఒక్కో కాయిల్‌తో కూర్చుంటాయి. పొడుగు పానా, అంతకంటే పొడుగు ఓపిక కావాలి.

ఇప్పుడు ప్రతిపదార్థం.

‘చల్లబడిన వెనుక’. ఏది చల్లబడాలో కవి చెప్పలేదు. ‘మిస్సింగ్ కొడుతోంది’ అని ఇంట్లోవాళ్లు వారం రోజులుగా పెడుతున్న పోరుకు వచ్చిన కోపం అని కొందరు అనవచ్చు. అది గౌణార్థం. ముఖ్యార్థం ఇంజను. ఇప్పటి ఇంజన్ల హెడ్డు అల్యూమినియంది, ప్లగ్గు ఒంటి మర ఉక్కుది. వేడి మీద విప్పితే మెత్తటి అల్యూమినియం మరలు ప్లగ్గుతో పాటే ఊడి వస్తాయి. పాత అంబాసిడర్ హెడ్డు పోత ఇనుముది, కాస్త మొరటుతనాన్ని ఓర్చుకునేది. ఆ కాలపు అలవాట్లు ఈ కాలపు ఇంజను మీద రుద్దడం వల్లే సగం అనర్థాలు. పొద్దున్నే, బండి తీయకముందే ఈ పని పెట్టుకోవడం ఉత్తమ పక్షం.

‘జాగ్రత్త తోడను’. ఛందస్సు తెలిసినవారు దీన్ని చూసి నవ్వుతారు. యతి కోసం, గణం కోసం ఇరికించిన మాట కదా అని. నిజమే, కానీ ఇరికించిన మాటే ఇక్కడ ఎక్కువ పని చేస్తోంది. ప్లగ్గు కూర్చున్న గుంటలో దుమ్ము, ఇసుక పేరుకుని ఉంటాయి. హౌరా లాంటి ఫౌండ్రీల ఊళ్లో ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. ప్లగ్గు విప్పగానే అదంతా నేరుగా సిలిండర్లోకి రాలుతుంది. అందుకని ముందు గాలి కొట్టాలి. సైకిల్ పంపు చాలు. తర్వాత తొడుగును పట్టి లాగాలి తప్ప తీగను పట్టి కాదు.

జాగ్రత్తకు రెండో కారణం కరెంటు. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను ఇగ్నిషన్ కాయిల్ 20,000 వోల్టుల పైచిలుకుకు పెంచి ప్లగ్గుకు అందిస్తుంది. టికియాపారా స్టేషన్లో రైలు నెత్తిన ఉన్న తీగలో పారేది 25,000 వోల్టులు. అంటే ఫ్లాట్‌ఫారం మీద భయపడుతూ తలెత్తి చూసే వోల్టేజీకి దాదాపు సాటి వచ్చేది బానెట్ కింద కూడా ఉంది. తేడా అంతా శక్తిలో ఉంది. ఆ తీగ మనుషులతో కిక్కిరిసిన లోకల్‌ను లాక్కుపోతుంది. ప్లగ్గు రవ్వ సెకనులో వెయ్యో వంతు సేపు మెరిసి, కొన్ని పదుల మిల్లీజౌళ్లు ఖర్చుపెట్టి ఊరుకుంటుంది. అయినా ఇంజను నడుస్తుండగా తొడుగు పీకి ‘రవ్వ వస్తోందా’ అని చూసే పాత మెకానిక్కుల విద్య జోలికి గృహస్థు పోకూడదు. కొత్త కార్లలో అది మనిషికే కాదు, కాయిల్‌కూ చేటు.

‘ప్లగ్గు’. ఇక్కడ గురుపరంపర క్లుప్తంగా. 1860లో ప్యారిస్‌లో లెన్వార్ తన గ్యాసు ఇంజనులో విద్యుత్ రవ్వను వాడాడు. 1902లో బాష్ కంపెనీ ఇంజనీరు హోనోల్డ్ అధిక వోల్టేజీ మాగ్నెటోతో పాటు దానికి సరిపడే ప్లగ్గును సిద్ధం చేశాడు. అదే కంపెనీ భారతదేశంలో అడుగుపెట్టింది 1922లో, సాక్షాత్తూ కలకత్తాలో, ఇల్లీస్ కంపెనీ తెరిచిన అమ్మకాల కార్యాలయం ద్వారా. 1951లో దాని ఇక్కడి కంపెనీగా మైకో పుట్టాక ఆ పేరు దేశంలోని చేతక్ స్కూటరు యజమానులందరికీ కంఠతా వచ్చింది. ఆదివారం పూట ఉప్పు కాగితంతో మైకో ప్లగ్గు రుద్దడం ఒక తరం తెలుగు నాన్నలకు నిత్యకర్మ. పెట్రోల్లో ఆయిలు కలిపి తాగే ఆ స్కూటరు ప్లగ్గుకు మసి పట్టడం సహజం. కారు ప్లగ్గుకు ఆ వైద్యం పనికిరాదు. గరుకు రేణువులు పింగాణీ సందున చిక్కుకుంటాయి.

ప్లగ్గు వేడి సంఖ్య దగ్గర వ్యాఖ్యాతలకు పండగ. ప్లగ్గు ముక్కు మసిని తానే కాల్చుకోవాలంటే సుమారు 450 డిగ్రీలైనా వేడెక్కాలి. 850 దాటితే రవ్వ రాకముందే ఇంధనం అంటుకునే ప్రమాదం. ఈ మధ్యలో ఉంచడానికే ఒక్కో ఇంజనుకు ఒక్కో వేడి సంఖ్య. ప్లగ్గుల కంపెనీ ఎన్‌జీకే సంప్రదాయంలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది. బాష్ సంప్రదాయంలో అంకె పెరిగేకొద్దీ వేడిది. ఎన్‌జీకే వారి బీపీ6ఈఎస్‌కు బాష్ వారి డబ్ల్యూ7డీసీ సాటి. ఒక మెట్టు చల్లనిది కావాలంటే అక్కడ 7, ఇక్కడ 6. అద్వైతానికీ ద్వైతానికీ మధ్య కూడా ఇంత చక్కటి తలకిందుల పొత్తు దొరకదు. మల్లిక్ బజార్‌లో పాత సామాన్ల కొట్టువాడు ‘అదీ ఇదీ ఒకటే దాదా’ అంటే ఇద్దరు ఆచార్యులనూ తలుచుకుని ముందుకు నడవడం మంచిది. కారు పుస్తకంలో రాసిన సంఖ్యే శ్రుతి. మిగతాదంతా స్మృతి.

‘ఒక్క ప్లగ్గు విప్పి యొకటి పెట్టు’. ఇక్కడ ‘ఒక్క’ సంఖ్యావాచకం మాత్రమే కాదు, నియమం కూడా. నాలుగూ ఒకేసారి విప్పి వరసగా పేర్చుకుంటే చూడముచ్చటగా ఉంటుంది గానీ, పాత తరహా తీగలున్న బండిలో ఏ తీగ దేనిదో మరిచిపోతే గోవిందా. అంబాసిడర్‌లో రవ్వల వరస 1-3-4-2. ఆ వరస తప్పితే బండి దగ్గుతుంది, సైలెన్సర్ పేలుతుంది, సందులో పిల్లలంతా పోగవుతారు. తీగలు లేని కొత్త బండ్లలో ఈ భయం లేదు. నోరు తెరిచిన సిలిండర్లో వాషర్ పడుతుందన్న భయం మాత్రం ఎప్పటికీ ఉంటుంది.

‘విప్పి’ అన్న తర్వాత ‘చూచి’ అని అధ్యాహారం చేసుకోవాలి. విప్పిన ప్లగ్గు ముఖం చూడకుండా పారేసేవాడు జాతకం చదవకుండా పెళ్లి చేసేవాడి కిందే లెక్క. ముక్కు బిస్కెట్ రంగులో ఉంటే ఇంజను క్షేమం. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుంది. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిలు పైకి ఎక్కుతోంది, రింగులో వాల్వు సీళ్లో అరిగాయి. తెల్లబడి పొక్కులు వచ్చాయా, అతివేడి. కొత్త ప్లగ్గులు ఈ రోగాల్లో ఒక్కదాన్నీ నయం చేయవు, నెలకో రెండు నెలలకో అదే రంగు వేసుకుని కూర్చుంటాయి. హౌరా బ్రిడ్జి మీద గంటలకొద్దీ నిలబడే బండికి నల్లమసి దాదాపు వృత్తిరోగం. కాస్త దూరపు పరుగు దానికి పథ్యం. కోనా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ప్లగ్గు తన ముక్కు తానే కడుక్కునే వేడికి చేరుతుంది.

‘సందు కొలిచి’. ఇక్కడ పూర్వపక్షి లేచి నిలబడతాడు. రెండో పాదంలో ‘పెట్టు’ అనేసి, మూడో పాదంలో ‘కొలిచి’ అంటే ఎలా? పెట్టాక కొలిచేదెలా? సమాధానం మీమాంసలో ఉంది. పాఠం చెప్పిన వరస కంటే పని సాగే వరస బలమైనది. అగ్నిహోత్రం చేయమని ముందు, గంజి వండమని తర్వాత చెప్పినా ముందు వండక తప్పదు కదా. అలాగే ఇక్కడా ముందు కొలత. పాత అంబాసిడర్‌కు సందు 0.025 అంగుళం, అంటే 0.6 మిల్లీమీటరు చిల్లర. ఇప్పటి చాలా బండ్లకు 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్లు. రవ్వ దూకినప్పుడల్లా కొన అణువంత అరుగుతుంది, సందు పెరుగుతుంది, దూకడానికి మరింత వోల్టేజీ కావాలి. చివరికి ‘మిస్సింగ్’. నికెల్ కొన 30,000 నుంచి 40,000 కిలోమీటర్లు, ఇరిడియం కొన లక్ష దాకా నెట్టుకొస్తాయి. ఇరిడియం 2,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు, కానీ సూది లాంటి ఆ కొన సందు కొలిచే ఫీలర్ గేజ్ తగిలి విరగగలదు. అందుకని ఇరిడియం ప్లగ్గు విషయంలో ‘కొలిచి’ అన్నది డబ్బా మీద అంకె చదవడంతోనే సిద్ధిస్తుంది.

‘చక్కగా చేతితో’. నిట్టనిలువుగా అని అర్థం. పానాకు బలం తెలుసు, దారి తెలియదు. మర వంకరగా ఎక్కినా అది తిప్పేస్తుంది. వేళ్లకు మాత్రం మొదటి చుట్టులోనే తేడా తెలుస్తుంది. లోతు గుంటల్లో వేళ్లు అందకపోతే ప్లగ్గు నెత్తికి రబ్బరు గొట్టం ముక్క తొడిగి తిప్పడం పాత ఉపాయం. వంకర పడితే రబ్బరు జారుతుంది, మర బతుకుతుంది.

‘అర్ధ చుట్టు’. క్రియ లేదు. బిగించమనే మాట పెట్టకుండానే కవి పద్యం ముగించాడు. గణాలు అయిపోయాయి, అంతకంటే కారణం లేదు. ‘బిగింపుము’ అని అధ్యాహారం. కానీ ఎంత? వాషర్ ఉన్న కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు, చేత్తో ఆగాక అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. టార్క్ రెంచి ఉంటే అల్యూమినియం హెడ్డుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. పాత ప్లగ్గునే మళ్లీ పెడుతుంటే వాషర్ అప్పటికే అణిగి ఉంటుంది, చుట్టులో పన్నెండో వంతు చాలు. వాషర్ లేకుండా ఏటవాలు అంచుతో కూర్చునే రకానికి పదహారో వంతే. పద్యంలో ఒకే ‘అర్ధ’, లోకంలో మూడు. మర మీద గ్రీజు పూయవచ్చా అన్నది ఇంకో వివాదం. పూత పూసిన మరలకు అక్కర్లేదని ఎన్‌జీకే మతం. పూస్తే అదే టార్క్‌కు ప్లగ్గు అనుకున్నదానికంటే ఎక్కువ బిగుస్తుంది.

ఇంత చెప్పినా మర పోగొట్టుకునేవారికి ప్రాయశ్చిత్త విధి ఉంది. టికియాపారా పక్కనే బెలీలియస్ రోడ్డు, దాని చుట్టూ లేత్‌లు తిరిగే చిన్న వర్క్‌షాపులు. పోయిన మరను పెద్దది చేసి, కొత్త మర కోసి, అందులో ఉక్కు చుట్టను ఎక్కించడం తెలిసిన పనే. హెడ్డు విప్పి చేస్తే నిశ్చింత, ఖర్చు ఎక్కువ. విప్పకుండా చేస్తే మర కోసే ట్యాపు గాడులకు దట్టంగా గ్రీజు పట్టించి, రెండు తిప్పులకోసారి బయటికి తీసి తుడుస్తూ పోవాలి. అల్యూమినియం పొట్టు గ్రీజుకు అంటుకుని బయటికి రావాలి గానీ పిస్టన్ మీద పడకూడదు. చివర్లో ప్లగ్గులన్నీ విప్పి, ఇగ్నిషన్ కనెక్షన్ తీసేసి, స్టార్టర్‌తో ఇంజనును ఒకటి రెండు సార్లు తిప్పితే మిగిలిన పొట్టు ఆ రంధ్రంలోంచే ఎగిరిపోతుంది. ఆ సమయంలో దానిలోకి తొంగి చూడకూడదు.