బూడిదకు రైలు టికెట్టు

మే నెల మధ్యాహ్నం రామచంద్రపురంలో ఫ్యాను వేస్తే ఇంటాయనకు గాలి, పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు బిల్లు, ఆకాశానికి పొగ. వాటాల సంగతి మాత్రం ఎవరూ అడగకూడదు. బొగ్గు కేంద్రాల్లో నూరు పాళ్ల వేడి పుడితే కరెంటయ్యేది సగటున 35 పాళ్లు. అందులో విద్యుత్ కేంద్రం సొంత మిల్లులు, పంపులే రెండు మూడు పాళ్లు మింగుతాయి. తీగల్లో ఇంకో మూడు పోతాయి. ఫ్యానుకు చేరేది ముప్ఫై లోపే. డెబ్బై పాళ్లు ఇలా ధారపోసినవారే, ఏసీ 24 దగ్గర పెట్టుకుని పొదుపు పాటించమని ఇంటాయనకు సుద్దులు చెబుతారు.

తప్పంతా ఇంజినీర్లది కాదు, ఆవిరి ధర్మమే అంత. అయితే ఆవిరి వేడినీ పీడనాన్నీ పెంచితే లెక్క మారుతుంది. సూపర్ క్రిటికల్ యూనిట్ కిటుకు అదే. 35 శాతం సామర్థ్యం 39కి చేరితే అదే కరెంటుకు పదో వంతు బొగ్గు తగ్గుతుంది, పదో వంతు కార్బన్ డయాక్సైడూ తగ్గుతుంది.

ఈ విద్య మనకు తెలియనిదేం కాదు. కృష్ణపట్నంలో ఇలాంటి 800 మెగావాట్ల యూనిట్లు దశాబ్దం కిందటే వచ్చాయి. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2023లో ఇంకొకటి వచ్చింది. దాని పక్కనే 1979 నుంచి 1995 దాకా వరుసగా వచ్చిన 210 మెగావాట్ల పెద్దలు ఆరుగురు. రాష్ట్ర ఉద్యోగికి 62 ఏళ్లకు రిటైర్మెంటు ఉంది. బాయిలరుకు ఆ బాధ లేదు. థర్మల్ యూనిట్లు వేటినీ 2030 దాకా రిటైర్ చేయొద్దని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 జనవరిలో సలహా ఇచ్చింది.

తెలంగాణ ఇంకో అడుగు ముందుకు, అంటే వెనక్కి, వేసింది. పాల్వంచలో 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్ 2018లో మొదలైంది. అదే జిల్లా మణుగూరులో 270 మెగావాట్ల పాత తరం యూనిట్లు నాలుగు ఆ తర్వాత పూర్తయ్యాయి. కొత్తది ముందొచ్చి పాతది తర్వాత పుట్టడం భద్రాద్రి జిల్లాకే చెల్లింది.

ఇక బొగ్గు. మన బొగ్గులో 30 నుంచి 45 శాతం బూడిదే. 500 కిలోమీటర్లు దాటి వెళ్లే బొగ్గులో బూడిద 34 శాతం మించకూడదని 2014లో కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. 2020 మేలో తానే ఎత్తేసింది. ఇప్పుడు బూడిద దర్జాగా రైలెక్కి ఊళ్లు చూస్తోంది. టికెట్టు కొనేది వినియోగదారుడు.

పోనీ, గ్యాస్ సంగతి చూద్దామా? రామచంద్రపురం నుంచి గౌతమి పాయ దాటితే రావులపాలెం దగ్గర దేవరపల్లిలో 445 మెగావాట్ల గ్యాస్ కేంద్రం కట్టారు. కంబైండ్ సైకిల్, అంటే దాదాపు సగం వేడి కరెంటయ్యే రకం. 2013లో విద్యుత్ కేంద్రాలకు కృష్ణా గోదావరి బేసిన్‌లోని కేజీ డీ6 క్షేత్రం గ్యాస్ ఆగిపోయింది. సామర్థ్యం ఉన్నచోట ఇంధనం లేదు, ఇంధనం ఉన్నచోట సామర్థ్యం లేదు.

ఇంధన సర్దుబాటు చార్జీ మాత్రం ఎక్కడా ఆగకుండా బిల్లులోకి వచ్చేస్తుంది. టారిఫ్ పెంపు మీద విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెట్టినప్పుడు ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు. ఈసారి వెళ్లేవారు చార్జీ ఎందుకు పెరిగిందని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. ఏ యూనిట్ ఒక్కో కరెంటు యూనిట్‌కు ఎంత బొగ్గు తింటోందో కూడా అడగండి.