పరీక్ష హాల్లో ఒక గ్లూకోమీటరు ఆత్మకథ

ఈ మీటరు తన కథను తాత దగ్గర నుంచి మొదలుపెడుతుంది. 1969లో అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు ఉండేవాడు. పన్నెండో ఏట నుంచీ ఆయనకు టైప్ 1 డయాబెటిస్. రక్తంలో గ్లూకోజు కొలిచే యంత్రం ఒకటి వచ్చిందని ఎక్కడో చదివాడు. బరువు కిలోకు పైమాటే, ఖరీదు 650 డాలర్లు. అంత డబ్బూ పెట్టడానికి ఆయన సిద్ధమే కానీ, డాక్టర్లకు తప్ప రోగులకు అమ్మేది లేదన్నారు. భార్య డాక్టరు కావడంతో ఆమె పేరు మీద తెప్పించుకున్నాడు. తన ఒంట్లో సంగతి తాను తెలుసుకోవడానికి అడ్డదారి వెతుక్కోవలసి వచ్చింది!

మనవడు అరచేతిలో ఇమిడిపోతాడు. వేలి కొసన గుచ్చి, స్ట్రిప్పుకు ఆవగింజంత రక్తం అంటిస్తే చాలు. స్ట్రిప్పు మీది ఎంజైము గ్లూకోజుతో కలిసి సన్నటి కరెంటు పుట్టిస్తుంది. దాన్ని కొలిచి, కొద్ది సెకన్లలో తెర మీద అంకె చూపించడమే ఈ మీటరు పని. ఇది విజయవాడలో సీబీఎస్‌ఈ పదో తరగతి చదివే ఒక అమ్మాయి బ్యాగులో ఉంటోంది.

"ఇంత చిన్నపిల్లకు షుగరేంటి, స్వీట్లు బాగా పెట్టారా?" అని చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. ఆమెది టైప్ 1. స్వీట్లకూ దీనికీ సంబంధం లేదు. ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఒంట్లోని రక్షణ వ్యవస్థే చంపేసింది. ఇక జీవితాంతం ఇంజెక్షనుతోనో పంపుతోనో ఇన్సులిన్ ఇచ్చుకోవాలి. డోసు కొంచెం ఎక్కువైనా, తిండి కొంచెం తగ్గినా షుగర్ పడిపోతుంది. బాగా పెరిగితే దాహం, మాటిమాటికీ బాత్రూమ్. ఏదైనా సరే, ప్రశ్నపత్రం ఇచ్చే వేళ చూసుకుని రాదు.

2017లో సీబీఎస్‌ఈ ఒక మంచి పని చేసింది. టైప్ 1 ఉన్న పిల్లలు చక్కెర బిళ్లలు, చాక్లెట్, అరటిపండు, యాపిల్, శాండ్‌విచ్ లాంటివి, అర లీటరు నీళ్ల సీసా బోర్డు పరీక్షలకు తెచ్చుకోవచ్చంది. స్పెషలిస్టు సర్టిఫికెట్ ప్రిన్సిపల్ ద్వారా ముందే సెంటరుకు చేరాలి. తినేవి మాత్రం ఇన్విజిలేటరు దగ్గరుంటాయి. ఆ తర్వాతి నిబంధనల్లో గ్లూకోమీటరు, స్ట్రిప్పులు కూడా చేరాయి. 2023లో ఉత్తరప్రదేశ్ కూడా బడి పిల్లల కోసం ఇలాంటి ఆదేశాలే ఇచ్చింది.

కాగితం మీద ఉన్నది గేటు దాకా రావాలిగా. లెక్కల పరీక్ష రోజు తనిఖీ చేసేవాళ్లు ఈ మీటరును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎలక్ట్రానిక్ వస్తువులు లోపలికి పోనివ్వరమ్మా." "షుగర్ చూసుకునేది సార్, లెటర్ ఉంది." లెటర్ ఎవరి బల్ల మీద ఉందో తేలేసరికి తోటి పిల్లలందరూ లోపలికి వెళ్లిపోయారు. ఆ పిల్ల చేతికి షుగర్ కొలిచే సెన్సరు కూడా ఉంది. కానీ రీడింగు కనిపించేది ఫోనులో. ఫోను బయటే ఉండిపోయింది. లోపల ఇక ఈ మీటరే దిక్కు.

రెండో గంటలో అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. పైపెదవి మీద చెమట పట్టింది. అదే స్టెప్పును రెండుసార్లు రాసి, ఒకదాన్ని కొట్టేసింది. చెయ్యెత్తడానికి మొహమాటపడింది. ఎత్తితే అందరూ తలతిప్పి చూస్తారు. చివరికి "మేడమ్" అంది. వేలు గుచ్చుకుంటే 58 వచ్చింది. 70 కన్నా తగ్గిందంటే ఆగి తినాల్సిందే. 15 గ్రాముల గ్లూకోజు, 15 నిమిషాలు ఆగడం, మళ్లీ పరీక్ష: డాక్టర్లు నేర్పే పద్ధతి ఇదే. మేడమ్ డబ్బా తెచ్చి మూత తీసి ఇచ్చి, "కంగారుపడకమ్మా, నిదానంగా తిను" అంది. ఆ గేటు దగ్గర కూడా ఇలాంటి మనిషే ఉంటే ఎంత బాగుండేది! రెండోసారి 84 వచ్చింది. అంకె తేరుకున్నంత త్వరగా ఆలోచన తేరుకోదు.

మూడు గంటల్లో 80 మార్కులు రాయాలి. ఆ లెక్కన పావుగంటంటే దాదాపు ఏడు మార్కుల రాత. తినడానికి ఒప్పుకున్న నిబంధన ఆ పావుగంటను తిరిగి ఇవ్వడం లేదు. అదనపు సమయానికి ఆధారమైన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో 21 రకాల వైకల్యాలున్నాయి. తలసేమియా ఉంది, హీమోఫీలియా ఉంది, సికిల్ సెల్ ఉంది. టైప్ 1 లేదు. బ్రిటన్ బోర్డు పరీక్షల్లో అర్హులైన పిల్లలకు మధ్యలో విశ్రాంతి ఇస్తారు, ఆ సేపు గడియారం ఆపుతారు. ఆ పిల్ల అడుగుతున్నదీ అంతే. అదనపు మార్కు కాదు, పోయిన నిమిషాలు.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. చెయ్యి బిగుసుకుపోయే రైటర్స్ క్రాంప్ ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థికి, 40 శాతం వైకల్యం లేదు కాబట్టి స్క్రైబును ఇవ్వలేమన్నారు. ఆ శాతం చూపించి కాదనడం కుదరదని 2021 ఫిబ్రవరి 11న, వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు పరీక్ష రాయడంలో సాయం గురించే అయినా, అవసరాన్ని చూడాలి గానీ శాతాన్ని కాదన్న వాదన టైప్ 1 పిల్లలకూ పనికొస్తుంది.

అడ్డంకి ఒక్క సీబీఎస్‌ఈతో తీరదు. జేఈఈ మెయిన్‌కు చక్కెర బిళ్లలు, పండ్లు, పారదర్శకమైన నీళ్ల సీసా ఒప్పుకుంటారు. చాక్లెట్, శాండ్‌విచ్ ఒప్పుకోరు. బోర్డు పరీక్షకు వెళ్లిన డబ్బానే అక్కడికి పట్టుకెళ్తే గేటు దగ్గరే సగం ఖాళీ అవుతుంది. ప్రతి పరీక్షకూ ఇన్ఫర్మేషన్ బులెటిన్ మళ్లీ మొదటి నుంచి చదవాలి.

ఆ వేసవిలోనే అమ్మ పన్నెండో తరగతి కోసం దరఖాస్తు రాసింది. అందులో రెండు కోరికలు. తినేవి పాప బల్ల మీదే ఉండనివ్వాలి. షుగర్ పడి ఆగిన నిమిషాలను ఇన్విజిలేటరు రాసిపెట్టుకుని చివర్లో కలపాలి. కింద ఈ మీటరు మెమరీలోంచి రెండు వరుసలు ఎత్తి రాసింది: 11.52కు 58, 12.08కి 84.