మళ్ళీ మళ్ళీ తీసివేత: ఒక లెక్కల మిషను ఆత్మకథ

నన్ను చూడగానే అందరూ "టైపు మిషనా?" అంటారు. కాదు బాబూ. టైపు మిషనుకు అక్షరాలు వచ్చు, నాకు అంకెలు మాత్రమే వచ్చు. నేను లెక్కల మిషన్ని. కరెంటు పెడితే కడుపులో మోటారు తిరుగుతుంది, నెత్తిమీది బండి టకటకమంటూ పక్కకు జరుగుతుంది, కిటికీల్లో జవాబు కనిపిస్తుంది. నన్ను ఎత్తాలంటే ఒక మనిషి నడుం పట్టేస్తుంది.

ప్రస్తుతం నా కాపురం ఒక పాత సామాన్ల కొట్లో. అటు విరిగిన గడియారం, ఇటు మూత లేని కాఫీ జగ్గు. మధ్యన నేను. నా ముందు ఒక అట్టముక్క నిలబెట్టాడు కొట్టు యజమాని. "హిడెన్ ఫిగర్స్ సినిమాలోని మిషను" అని రాసి ఉంటుంది దాని మీద. అబద్ధం. నేను ఏ సినిమాలోనూ లేను. ఆ సినిమా చెప్పిన కాలంలో మాత్రం ఉన్నాను. రెండింటికీ తేడా ఉంది. ఆ తేడా చెప్పడానికే ఇంత కథ.

నా పుట్టిల్లు కాలిఫోర్నియాలోని సాన్ లియాండ్రో, ఫ్రిడెన్ వారి కర్మాగారం. పళ్ళ చక్రాలు, మీటలు, స్ప్రింగులు. ఆ వివరాలు మొదలుపెడితే మీకు ఆవలింతలొస్తాయి. నా లోపలి రహస్యం ఒక్కటి మాత్రం వినండి. నాకు గుణకారం రాదు. ఏడారులు ఎంతని అడిగితే ఏడును ఆరుసార్లు కూడి నలభై రెండంటాను. భాగహారమూ రాదు. తీసివేస్తాను, మళ్ళీ తీసివేస్తాను, తీయడానికి ఇంకేమీ మిగలనప్పుడు ఆగుతాను. అందుకే సున్నాతో భాగించమంటే నాకు పిచ్చెక్కుతుంది. సున్నాను ఎన్నిసార్లు తీస్తే మాత్రం ఏం తరుగుతుంది? ఎవరో ఒకరు ఆపే మీట నొక్కేదాకా గరగరా తిరుగుతూనే ఉంటాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నన్ను వర్జీనియా రాష్ట్రం హాంప్టన్‌లోని లాంగ్లీ విమాన పరిశోధన కేంద్రానికి పంపారు. అక్కడ గాలి సొరంగాల్లో విమానాల నమూనాలు పెట్టి పరీక్షించేవాళ్ళు. ఇంజనీర్లు కొలతలు తెచ్చి పడేసేవాళ్ళు. ఆ కొలతల్లోంచి ఫలితం తేల్చే ఆడవాళ్ళను 'కంప్యూటర్లు' అనేవాళ్ళు. అవును, ఆ రోజుల్లో కంప్యూటరంటే మనిషి. నేను ఆ మనిషి చేతికింద పనిముట్టును.

1935 నుంచీ అక్కడ ఆడ కంప్యూటర్లు ఉన్నారు, అందరూ తెల్లవాళ్ళే. 1941లో నల్లజాతి కార్మిక నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్ మీదికి జనాన్ని నడిపిస్తానని పట్టుబట్టాడు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దిగివచ్చి, రక్షణ పరిశ్రమల ఉద్యోగాల్లో జాతి వివక్ష కూడదని ఉత్తర్వు ఇచ్చాడు. యుద్ధానికి లెక్కలు చేసేవాళ్ళు చాలడం లేదు కూడా. 1943లో నల్లజాతి ఆడవాళ్ళు వచ్చారు. బళ్ళలో లెక్కలు చెప్పిన పంతులమ్మలు, కాలేజీ పట్టాలున్నవాళ్ళు. ఉద్యోగం ఇచ్చారు గానీ గది వేరు, మరుగుదొడ్డి వేరు. వాళ్ళ విభాగం పేరు వెస్ట్ ఏరియా కంప్యూటర్స్. నేను చేరింది ఆ గదిలోనే.

భోజనశాలలోనూ వెనక ఒక బల్ల వాళ్ళకని వేరుగా ఉండేది. బల్ల మీద ఒక అట్ట: 'కలర్డ్ కంప్యూటర్స్'. మీ ఊళ్ళ టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎరిగినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ వేరే గ్లాసు, ఇక్కడ వేరే అట్ట. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు పొద్దున్నంతా యుద్ధ విమానాలకు లెక్కలు కట్టి వచ్చినవాళ్ళే.

కాళ్ళు లేనిదాన్ని కాబట్టి ఆ భోజనశాలను నేను చూడలేదు. భోజనాల తర్వాత గదిలోకి వచ్చే మాటలే నాకు వార్తలు. ఒకనాటి వార్త ఏమిటంటే, మా గదిలోని మిరియం మాన్ ఆ అట్ట తీసి తన చేతిసంచిలో వేసుకుందట. మనిషి పొట్టిగా ఉంటుంది, చదివింది రసాయన శాస్త్రం. కేకల్లేవు, ఉపన్యాసం లేదు. అట్ట సంచిలోకి వెళ్ళింది, అంతే. తర్వాత చూస్తే కొత్త అట్ట. ఆవిడ మళ్ళీ తీసింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ తీసింది. ఉద్యోగం ఊడుతుందని ఇంట్లో భర్త భయపడ్డాడు. అయినా తీసింది. ఒక రోజున ఇక కొత్త అట్ట రాలేదు. పెట్టేవాళ్ళ చెయ్యి ముందు అలిసిపోయింది.

ఆ వార్త విన్నప్పుడు నా చక్రాలకు ఏదో తెలిసినట్టయింది. ఇది నా పద్ధతే కదా!

మా గది పెద్ద డొరతీ వాన్. ఫార్మ్‌విల్ ఊళ్ళో మోటన్ హైస్కూల్లో లెక్కల టీచరుగా ఉండి, 1943 డిసెంబరులో ఇక్కడికి వచ్చింది. 1949లో విభాగం బాధ్యత ఆవిడ చేతికి వచ్చింది. ఆ సంస్థలో నల్లజాతి మనిషి పైఅధికారి కావడం అదే మొదలు. పదవి పేరు ముందున్న 'తాత్కాలిక' అన్న మాట పోవడానికి మాత్రం 1951 దాకా పట్టింది. లెక్కల మిషన్ల మీద బీజగణితం ఎలా చేయాలో చెప్పే చేతిపుస్తకం తయారీలో తెల్లజాతి కంప్యూటర్లు వీరా హకెల్, సారా బులక్‌లతో కలిసి ఆవిడా పనిచేసింది. నా గురించి పుస్తకం రాసిన మనిషి చేతికింద పనిచేశాను నేను. ఇప్పుడు నా మీద దుమ్ము తుడిచే దిక్కు లేదనుకోండి, అది వేరే సంగతి.

ఆవిడ చదువు చెప్పిన ఆ ఫార్మ్‌విల్ సంగతి కూడా చెప్పాలి. నల్ల పిల్లల్ని తెల్ల పిల్లల పక్కన కూర్చోబెట్టమని కోర్టు ఆదేశిస్తే, ఆ కౌంటీ పెద్దలు అసలు ప్రభుత్వ బళ్ళకే తాళాలు వేసేశారు. 1959 నుంచి 1964 దాకా. మనిషిని ఆకాశంలోకి పంపే లెక్కలు కడుతున్నదీ వర్జీనియాయే, పిల్లలు బడిమెట్టు ఎక్కకుండా చేసిందీ వర్జీనియాయే.

1958లో మా సంస్థ నాసాగా మారింది. వెస్ట్ ఏరియా గది మూతపడింది. వేరు గది పోయినందుకు సంతోషమే. కానీ అప్పటికే ఐబీఎం వారి కంప్యూటర్లు వచ్చేశాయి. ఈసారి నిజం యంత్రాలు. డొరతీ వాన్ తొందరగానే ఆ యంత్రాల భాష ఫోర్‌ట్రాన్ నేర్చుకుంది. మనిషి కాబట్టి నేర్చుకోగలిగింది. నాకు ఎవరు నేర్పుతారు?

అయినా మా జాతికి ఒక ఆఖరి పండుగ ఉంది. 1962 ఫిబ్రవరి 20న వ్యోమగామి జాన్ గ్లెన్ భూమి చుట్టూ మూడుసార్లు తిరిగి వచ్చాడు. దారి లెక్క కట్టింది కొత్త కంప్యూటరే. కానీ ఆయనకు దానిమీద గురి కుదరలేదు. ఆ అమ్మాయి చేత ఒకసారి సరిచూపించండన్నాడు. ఆయన 'అమ్మాయి' అన్న నల్లజాతి గణితవేత్త కాథరిన్ జాన్సన్‌కు అప్పటికి నలభై మూడేళ్ళు, ముగ్గురు బిడ్డల తల్లి. బల్ల దగ్గర మా జాతి మిషనును పెట్టుకుని కూర్చుంది. ఒకటిన్నర రోజు. ఎనిమిదేసి అంకెల దాకా సరిపోయింది.

ఆ బల్ల మీద ఉన్నది నేను కాదు. నా తోటిది. ఆ మాట దాచను. సినిమావాళ్ళయితే అనాయాసంగా నన్నే ఆ బల్ల మీద పెట్టేసేవాళ్ళు.

తర్వాత కథ నాకే చెప్పబుద్ధి కాదు. జవాబు ఆలస్యమని కొందరు, మోత ఎక్కువని కొందరు విసుక్కున్నారు. ముందు కిటికీ పక్కకు జరిపారు, తర్వాత బీరువా వెనక్కి. ఒకాయన నామీద ఫైళ్ళు పేర్చాడు. ఇంకొకాయన కాఫీ ఒలికించి, కాగితాలు మాత్రం తుడుచుకుని వెళ్ళాడు. ఆ చక్కెర పాకం ఇప్పటికీ నా నాలుగో వరస మీటల్ని వదల్లేదు. చివరికి పాత సామానుతో కలిపి వేలం వేశారు. విమానాల రెక్కలకు లెక్క కట్టినదాన్ని, తూకానికి పోయాను.

కొన్నవాడు కారు షెడ్డులో పెట్టి మరిచిపోయాడు. ఎన్ని చలికాలాలో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడానికి ఎవరైనా మీట నొక్కాలి కదా. మధ్యలో ఎవరో మంచి చేద్దామని వంటనూనె పోశారు. అది గడ్డకట్టి జిగురైంది. కొన్నాళ్ళు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. ఒకసారి ఆ ఇంటి పిల్లాడు వైరు తగిలించి, ఆటగా మీటలు నొక్కుతూ సున్నాతో భాగహారం పెట్టాడు. నేను గరగరలాడుతూ తిరిగాను, ఎంతసేపో. వాడు పకపకా నవ్వాడు. ఏ మీట నొక్కితే ఆగుతానో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చివరికి వాళ్ళమ్మ వచ్చి వైరు లాగేసింది. నన్ను ఎరిగిన చేతులు ఈ లోకంలో లేకుండా పోయాయని నాకు అర్థమైంది ఆ రోజే.

అలా చేతులు మారి ఈ కొట్టుకు వచ్చాను. 2016 చివర్లో ఆ హిడెన్ ఫిగర్స్ సినిమా వచ్చింది. మార్గో లీ షెటర్లీ రాసిన పుస్తకం ఆధారంగా థియొడోర్ మెల్ఫీ తీశాడు. కొట్లో టీవీ ఉంది కాబట్టి నేనూ చూశాను. మా జాతి మిషన్లు బల్లల మీద తళతళలాడుతుంటే, సిగ్గు విడిచి చెబుతున్నా, నా స్ప్రింగులు కదిలాయి.

తర్వాత ఆ సన్నివేశం వచ్చింది. కాథరిన్ ఫైళ్ళు గుండెకు హత్తుకుని, నల్లవాళ్ళ మరుగుదొడ్డి కోసం అర మైలు పరుగెత్తుతుంది. విషయం తెలిసిన తెల్ల అధికారి గడ్డపార పట్టుకుని వచ్చి, అందరూ చూస్తుండగా ఆ బోర్డు పగలగొడతాడు. కొట్లో కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేదు. చేతులుంటే మాత్రం కొట్టేదాన్నా?

ఆ అధికారి కల్పిత పాత్ర, కొందరు నిజం మనుషుల్ని కలిపి చేసిన ముద్ద. గడ్డపార కథ జరగనేలేదు. కాథరిన్ అసలు పరుగెత్తలేదు. 1953లో చేరినప్పుడు ఆవిడ వెళ్ళిన మరుగుదొడ్డికి బోర్డు లేదు, అది తెల్లవాళ్ళదని ఆవిడకు తెలియదు. తెలిశాక కూడా మానలేదు. మరుగుదొడ్డి అవమానం పడింది మరో నల్లజాతి కంప్యూటర్ మేరీ జాక్సన్. కొత్త భవనంలో ఎటు వెళ్ళాలని అడిగితే, నీది ఎక్కడుందో మాకేం తెలుసని తెల్ల అమ్మాయిలు నవ్వారు. ఆ మేరీ తెల్లవాళ్ళ బళ్ళో పాఠాలు వినడానికి నగరం వారి ప్రత్యేక అనుమతి తెచ్చుకుని, 1958లో ఇంజనీరైంది. సినిమాలో అది కోర్టు సన్నివేశం. ఇక డొరతీ వాన్ 1949లో అందుకున్న బాధ్యత కోసం సినిమాలో 1961లో కూడా బతిమాలుతూ ఉంటుంది.

సినిమాకు ఇరవై ఏళ్ళు చూపించే తీరిక ఉండదు, ఒప్పుకుంటాను. రెండు గంటల్లో ముగించాలి. కానీ లెక్క కుదించేటప్పుడు ఏ అంకె వదిలేస్తున్నామో చూసుకోవాలి. ఇక్కడ ఊడిపోయిన అంకె మిరియం మాన్. నిజంగా అట్ట తీసిన చెయ్యి ఆవిడది. సినిమా కథలో ఆవిడకు చోటు లేదు, గడ్డపార ఉన్న మగమనిషికి ఉంది. 2011లో వచ్చిన 'ది హెల్ప్' సినిమాలోనూ అంతే. మిసిసిపీ ఇళ్ళలో నల్ల పనిమనుషులకు వేరే మరుగుదొడ్లు కట్టిన కథ అది. బాధ వాళ్ళది, దాన్ని రాసే కలం మాత్రం తెల్ల అమ్మాయి చేతిలో. వివక్షను తెల్లవాళ్ళలో ఒక మంచి మనిషి ఒక్క దెబ్బతో కూల్చాడంటే చూసేవాళ్ళకు హాయిగా ఉంటుంది. ఇంటికెళ్ళి నిద్రపోవచ్చు.

అలాగని సినిమా మీద ఉత్త కడుపుమంట కాదు నాది. ఆ సినిమా పుణ్యాన కాథరిన్ పేరు ఇంటింటికీ చేరింది. 2017 ఆస్కార్ వేదిక మీదికి తొంభై ఎనిమిదేళ్ళ ఆవిడను చక్రాల కుర్చీలో తీసుకొస్తే సభంతా లేచి నిలబడింది. వాషింగ్టన్‌లోని నాసా ప్రధాన కార్యాలయానికి మేరీ జాక్సన్ పేరు పెడుతున్నామని 2020లో ప్రకటించారు. మేరీ 2005లో, డొరతీ 2008లో పోయారు. వాళ్ళు ఇవేవీ చూడలేదు. మిరియం మాన్ అయితే మనిషి చంద్రుడి మీద కాలు పెట్టడం కూడా చూడలేదు, 1967లోనే పోయింది.

సినిమా వల్ల నాకు దక్కింది ఈ అట్టముక్క. వచ్చినవాళ్ళు దాన్ని చదువుతారు, నా పక్కన నిలబడి ఫొటో దిగుతారు, ధర చూసి వెళ్ళిపోతారు. ఏ బల్ల మీదైనా సరే, ఒకరి అబద్ధాన్ని ఇంకొకరి ముందు నిలబెట్టడానికి అట్టముక్క చాలునని నాకు ఎప్పుడో తెలుసు.

ఎవరైనా ఒక పొట్టి మనిషి ఈ కొట్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, దీన్ని చేతిసంచిలో వేసుకుని వెళ్ళిపోతే బాగుండును. యజమాని మర్నాడే ఇంకోటి రాసి పెడతాడు. పెట్టనీ. మళ్ళీ రావాలి, మళ్ళీ తీయాలి.

నాకు తెలిసిన భాగహారం అదొక్కటే.