లాడ్ బజార్‌లో లడఖ్

కొండలెక్కే బండ్లు కొన్న మన హైదరాబాదీలు ఆ బండ్లేసుకుని ఏ కొండలెక్కుతున్నారో చూడాలంటే లేహ్ దాకా పోనక్కర్లేదు. ఏ శనివారం సాయంత్రమో పత్తర్‌గట్టిలో నిలబడితే చాలు. మదీనా చౌరస్తా వైపు నుంచి ఒకదాని వెనక ఒకటి దిగబడతాయి. నడుమెత్తు చక్రాలు, నెత్తిన సామాను కట్టే ఇనప చట్రం, పక్కన తగిలించిన పార, ముందు బురదలోంచి లాక్కునే విన్చి, వెనకద్దం మీద 'ఖర్దుంగ్ లా, 18,380 అడుగులు' అని స్టిక్కరు. ఆ కనుమ దగ్గర బోర్డు మీద ఏళ్ల తరబడి ఆ అంకే ఉండేది. తీరా జీపీఎస్ పెట్టి కొలిస్తే తేలింది 17,582. పోనీలెండి, లాడ్ బజార్‌లో గాజులు బేరమాడడానికి ఆ ఎత్తు చాలదా!

ఇంత బండి ఎందుకండీ అంటే జవాబు నాలుక చివరే ఉంటుంది. "సిటీ రోడ్లు చూశారుగా, అన్నీ గుంతలే. వానొస్తే మోకాలి లోతు నీళ్లు." నిజమే. థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో కూడా నడుస్తుందని కంపెనీయే చెబుతోంది. 1908లో వచ్చినట్టు మూసీకి మళ్లీ వరదొస్తే పాతబస్తీని ఒడ్డున పడేసేది వీళ్లే కాబోలు. కాకపోతే 2023 జనవరిలో అదే కంపెనీ, వెనక చక్రాలు మాత్రమే తోసే థార్‌ను తక్కువ ధరకు దించింది. అంటే ముఖం జీపుది, కాళ్లు మామూలు కారువి. దానికీ ఈ పార తగిలించుకు తిరుగుతున్నారు. ఆ పారతో తట్టెడు మట్టి ఎత్తినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ముందు భాగాన అడ్డంగా బిగించిన ఆ ఇనప కమ్మీల సంగతి మరీ వింత. ఢీకొట్టినప్పుడు నడిచేవాళ్లకూ, లోపల కూర్చున్నవాళ్లకూ కూడా ప్రమాదమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వాటిని తీయించమంది. అడవి జంతువులు అడ్డొచ్చే దేశాల్లో పుట్టిన సరంజామా అది. నయాపూల్ నుంచి షాలిబండ దాకా అడ్డొచ్చే జంతువులు బక్రీద్ ముందు మేకలే, వాటికీ మెడలో తాడుంటుంది.

మొన్న కాలీ కమాన్ దాటి మీరాలం మండీకి పోయే దారిలో ఒక తెల్ల బండి ఇరుక్కుంది. ఎదురుగా జామకాయల తోపుడుబండి, ఎడమన ఆటో, వెనక స్కూటీల బారు. బండి దొర అద్దం దించలేదు, హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. జామకాయలాయనకు అరవై దాటి ఉంటాయి. చక్రం కింద ఇటుక ముక్క పెట్టి, తీరిగ్గా వచ్చి, ఆ బండి పక్కద్దాన్ని చేత్తో మడిచాడు. "ఆవో భయ్యా, ఆవో... బస్, బస్. అబ్ కాటో. అరె, ఉధర్ నక్కో!" లోపల తెర మీద నాలుగు కెమెరాల బొమ్మలు కదులుతున్నాయి, బీప్ బీప్‌మని మోత. అవేవీ తేల్చలేని లెక్కను ఆ పెద్దాయన అరచెయ్యి ఊపి తేల్చాడు. బెత్తెడు బెత్తెడుగా జరిగి బయటపడ్డ దొర చెయ్యెత్తి ఒక సలాం కూడా పెట్టలేదు. పెద్దాయన ఇటుక తీసుకుంటూ "ఇత్తి బడీ గాడీ కైకూ మియా" అన్నాడు, ఎవరితోనో కాదు, జామకాయలతో.

కొండదారిలో మొదట నేర్చుకోవాల్సింది ఆగడం. ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలని 2017 నాటి డ్రైవింగు నిబంధనల్లోనే ఉంది. ఎక్కుతూ ఎక్కుతూ ఆగిపోతే మళ్లీ కదలడం గండం కాబట్టి. ఆ లెక్కన పాతబస్తీలో తోపుడుబండి మనిషి చదును నేల మీద కూడా ఎక్కుతూనే ఉంటాడు. నిండా సరుకు, అరిగిన బేరింగులు, ఇంజనా తన రెండు కాళ్లే. చట్టం స్ఫూర్తి ప్రకారం వెనక్కి పోవాల్సింది ఎవరు? కానీ వెనక్కి పోతే రీలు బాగా రాదు. ముందుకు దూకే వీడియోకే లైకులు.

అసలు కొండదారి మొనగాళ్లను చూడాలంటే తిరుమల పోండి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. ఏళ్ల తరబడి ఆర్టీసీ డ్రైవర్లు రోజుకిన్ని ట్రిప్పులని ఆ మలుపులు తిప్పుతూనే ఉన్నారు. వెనకద్దం మీద ఎత్తు రాసుకున్నవాడు ఒక్కడూ లేడు. సొంత బండ్లకు అక్కడ టైము రాసిచ్చి పంపుతారు, ముందుగా చేరితే మెచ్చుకోరు, జరిమానా వేస్తారు. సాహసవీరుడికి ఇంతకంటే అవమానం ఉంటుందా!

మనవాళ్ల పరువుకు ఇంకో దెబ్బ. ఏటా మొహర్రం పదో రోజున బీబీ కా ఆలం ఊరేగింపులో ఏనుగు డబీర్‌పురా నుంచి బయల్దేరి, చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్ చేరుతుంది. ఫార్చ్యూనర్ కంటే బరువైన ప్రాణి. అంత జనంలో హారన్ లేకుండా, కెమెరా లేకుండా, మావటి మాట విని నడుస్తుంది.

దారులు ఇరుకని కుతుబ్‌షాహీలను తిట్టి లాభం లేదు. 1591 నాటి చార్మినార్‌కు ఒక్కో కమాను వెడల్పు సుమారు 11 మీటర్లు, ఐదు ఫార్చ్యూనర్లను వరసగా నిలబెట్టినా ఇంకా జాగా మిగులుతుంది. ఇప్పుడక్కడ రాళ్లు పరిచి బండ్లు రాకుండా చేస్తే, పాపం, పక్క గల్లీల్లో పడ్డారు. అదే పారిస్‌లో అయితే 2024 ఫిబ్రవరిలో జనాన్ని ఓటడిగి మరీ, 1.6 టన్నులు దాటిన బయటివాళ్ల పెట్రోలు, డీజిలు కార్లకు నగరం నడిబొడ్డున గంటకు 18 యూరోల పార్కింగు పెట్టారు. అప్పటి లెక్కన మన డబ్బుల్లో 1,600 పైమాట. ఇక్కడ నాలుగు ఇండికేటర్లూ వేసి దిగిపోతే చాలు, నడిరోడ్డు రాసిచ్చినట్టే. అవి మిణుకుమిణుకుమంటున్నంతసేపూ చట్టం కూడా కన్ను కొడుతూ ఊరుకుంటుంది.

రవాణా శాఖకు ఒక మనవి. లైసెన్సు కోసం 'హెచ్' ట్రాకు పెట్టారు, బాగుంది. ఈ బండ్లకు ఇంకో ట్రాకు పెట్టండి. రంజాన్ నెలలో, ఇఫ్తార్ అయ్యాక, ముర్గీ చౌక్ నుంచి మొదలుపెట్టి పక్క గల్లీల్లో వంద గజాలు రివర్సులో పోవాలి. హారన్ కొడితే ఫెయిలు. ఒక్క గాజు పగిలినా ఫెయిలు. పరీక్షాధికారులుగా తోపుడుబండ్లవాళ్లను వెయ్యండి, ఫీజు కూడా వాళ్ల చేతికే. చిల్లర లేదనే సాకు చెల్లదు, జామకాయల బండికి కూడా ఫోన్‌పే ఉంది.