ఫ్యాన్ తిరుగుతోందిగా!

కంప్యూటర్ అప్‌గ్రేడ్ చేసేవాళ్ల పొదుపు ఒక చిత్రం. గ్రాఫిక్స్ కార్డుకు వేలకు వేలు పోయడానికి చెయ్యి వణకదు. ప్రాసెసర్ పక్కింటివాడి కన్నా ఒక మెట్టు పైనుండాలి. క్యాబినెట్‌లో రంగుల లైట్లు వెలగకపోతే పరువు పోతుంది. తీరా ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని వైరాగ్యం ముంచుకొస్తుంది. ‘పాతది ఉందిగా, ఫ్యాన్ తిరుగుతోందిగా’ అంటారు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో షాపతను కొత్తది వేయించుకోమంటే అమ్ముకోవడానికి చెబుతున్నాడని అనుమానం. అదే షాపతను ఆరు ఆర్‌జీబీ ఫ్యాన్లు అంటగడితే మాత్రం ఏ అనుమానమూ రాదు. ఫ్యాన్ తిరగడమే సత్తాకు రుజువైతే, నాడి ఆడుతున్న ప్రతి తాతనూ బస్తాలు మోయడానికి పిలవచ్చు. ఇన్నాళ్లూ నడిచిందనేది పాత బరువుకు సాక్ష్యం. కొత్త బరువు గురించి అది ఒక్క ముక్కా చెప్పదు.

‘450 వాట్లని రాసుందండీ’ అంటూ వెంటనే స్టిక్కర్‌ను సాక్షిగా పిలుస్తారు. ఆ పెద్దంకె కింద చీమల బారులాంటి పట్టిక ఒకటి ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు. అందులో 12 వోల్టుల గడిలో 18 యాంపియర్లని ఉంటే, ఆ లైను ఇవ్వగలిగేది 216 వాట్లే. కొత్త ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ దాదాపు తమ తిండంతా తినేది ఆ లైను మీదే. మిగతా వాట్లు 3.3, 5 వోల్టుల లైన్ల పేరున జమై ఉంటాయి. 2000లో పెంటియమ్ 4 కోసం ఇంటెల్ నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ తెచ్చినప్పటి నుంచీ బరువు 12 వైపే జరుగుతూ వస్తోంది. పాతికేళ్లయినా స్టిక్కర్ భక్తులకు ఆ కబురు అందలేదు. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు.

బరువు కూడా ఉన్న చోట ఆగలేదు. 2020 నాటి ఆర్‌టీఎక్స్ 3090 కార్డు 350 వాట్లది, 2022లో 4090 వచ్చి 450 అంది, 2025లో 5090 దిగి 575 అంది. పైగా ఇవి సగటు లెక్కలు. రెప్పపాటులో వందో వంతు కూడా లేని క్షణాల్లో కార్డు లాగే కరెంటు అంతకు ఎంతో పైకి ఎగురుతుంది. అందుకే 2022 నాటి ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, గ్రాఫిక్స్ కార్డుల కొత్త కనెక్టరున్న పెద్ద సప్లైలు తమ రేటింగ్‌కు రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలంది. ఈ పరీక్ష ఊసే లేని రోజుల్లో పుట్టిన యూనిట్ ఆట మధ్యలో ఠపీమని ఆగిపోతే, మనవాళ్లు తిట్టేది విండోస్‌ను. చింత చచ్చినా పులుపు చావదన్న మాట సప్లైలోని కెపాసిటర్లకు వర్తించదు. వేడికి లోపలి ఎలక్ట్రోలైట్ ఆరిపోతూ, ఏటికేడు సత్తా తరిగిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఇంజినీర్ల మోటు లెక్క. మన మే నెల ఎండకు పది డిగ్రీలు ఒక లెక్కా?

‘మంచి కంపెనీ సరుకుకు పదేళ్ల వారంటీ ఉంటుంది, దాన్నీ పారేయాలా?’ అనడం న్యాయమైన ప్రశ్నే. అక్కర్లేదు. వారంటీ మిగిలి ఉండి, 12 వోల్టుల గడి కొత్త లెక్కకు సరిపోయి, కార్డుకు కావలసిన కేబుళ్లు దాని సొంతవే అయితే నిక్షేపంగా వాడుకోవచ్చు. ఈ-వ్యర్థాల బెంగా సబబే, అయితే బలహీనమైన యూనిట్‌ను చెత్తబుట్టలో వేయమని ఎవరన్నారు? గ్రాఫిక్స్ కార్డు లేని చిన్న మెషీన్‌కు బిగిస్తే దానికీ గౌరవంగా ఉంటుంది. సొంత కేబుల్ లేకపోతే పాత మోలెక్స్ వైర్లకు కన్వర్టర్ తగిలించేవాళ్లున్నారు. కార్డు మీది ఎనిమిది పిన్నుల కనెక్టర్ 150 వాట్ల దాకా అడుగుతుంది. కన్వర్టర్ పిన్నుల సంఖ్యను మారుస్తుంది, ఆ సన్నటి తీగల ఓపికను మార్చదు. ఇంకొందరు సప్లై మార్చి, క్యాబినెట్‌లో పాత మాడ్యులర్ కేబుళ్లను అలాగే ఉంచేస్తారు. సప్లై వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం లేదు. 5 వోల్టులు రావలసిన చోట 12 వస్తే హార్డ్ డిస్కుతో పాటు ఫొటోలూ పోతాయి. కాబట్టి వయసు, యాంపియర్లు, కేబుళ్లు, ఈ మూడూ చూడకుండా పాతదాన్ని బిగించేవాళ్లు, మిగిల్చిన నాలుగు వేలను ఆదా ఖాతాలో రాసుకునే ముందు, దానికి తగిలించిన కార్డు ధరను పందెం సొమ్ము కింద రాసుకోవడం మంచిది.